మువ్వగోపాలుడు ఎవరి దేవుడు?

కిందటి ఉగాదికి మన సంఘంలో పాటల కార్యక్రమం సిద్ధమవుతున్నప్పుడు ఒక చిన్న ఘటన జరిగింది. సిరుగుప్ప వైపు క్యాంపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి, డిగ్రీ చదువుతున్నది, తన అమ్మమ్మ దగ్గర నేర్చుకొన్న క్షేత్రయ్య పదం పాడింది. గొంతు నిండుగా ఉంది, తాళం ఎక్కడా తప్పలేదు. అయినా పెద్దలలో ఒకరు మొగమాటపడుతూనే, "పాట బాగుందమ్మా. కాని పండుగనాడు దేవుడి పాట అయితే ఇంకా బాగుంటుంది" అన్నారు. అమ్మాయి మారుమాట ఆడలేదు. రామదాసు కీర్తన ఎత్తుకొంది. అందరూ మెచ్చుకొన్నారు. వెనుక వరుసలో కూర్చున్న అమ్మమ్మ మాత్రం, "ఇంతసేపూ అది పాడింది మువ్వగోపాలుడి పాట కాదటయ్యా? ఆయన దేవుడు కాడా?" అని అడిగింది.

అక్కడ ఉన్న మాలో ఎవరికీ చప్పున జవాబు తోచలేదు. ఆ జవాబును వెదకుకొంటూ ఏడాది పొడుగునా చదివినదీ, పెద్దలను అడిగి తెలుసుకొన్నదీ ఈ సంచికలో పాఠక సోదరీసోదరుల ముందు ఉంచుతున్నాము.

క్షేత్రయ్య పదిహేడవ శతాబ్దివాడు. ఏది దేవుడి పాట, ఏది లోకపు పాట అన్న ప్రశ్న ఆ శతాబ్దిలో మన ఒక్క దేశంలోనే పుట్టలేదు. సముద్రాల కావల ఇంగ్లండులోనూ కవులు దానితో పెనుగులాడుతూనే ఉన్నారు. చిత్రమేమంటే, ఆ రెండు లోకాలూ అప్పటికే ఒకదానికొకటి దగ్గరికి వచ్చాయి. 1611లో ఇంగ్లీషు వర్తకులు మచిలీపట్నంలో దిగి కోఠీ పెట్టుకొన్నారు. క్షేత్రయ్య పుట్టిన ఊరని చెప్పే మువ్వ ఆ కృష్ణాతీరపు సీమలోనే, కూచిపూడికి దగ్గరలో ఉన్నది. ఆ వర్తకులకు కావలసినది కలంకారీ బట్టలు, నేత బట్టలు. ఆ సీమలో పుట్టిన పాట వారి లెక్కల పుస్తకాలలోకి ఎక్కే సరుకు కాదు.

ముందు వారి సంగతి చూద్దాము. జార్జి హెర్బర్టు అనే కవికి ఇంకా పదిహేడేండ్లు నిండలేదు. 1610 నూతన సంవత్సరానికి తల్లికి కానుకగా రెండు పద్యాలు పంపాడు. కవులంతా ప్రేమదేవత కొలువులోనే ఎందుకు పడి ఉండాలి, దేవుడి మీద ప్రేమకు కవిత్వం పనికిరాదా అన్నది వాటిలోని ఆక్రోశం. హెర్బర్టు ఆ మాట మీదనే జీవితమంతా నిలబడ్డాడు. చివరకు ఒక పల్లెలో చర్చి గురువుగా ఉండి 1633లో కన్ను మూశాడు. ఆయన భక్తి కవితల సంపుటి ‘దేవాలయం’ అన్న అర్థం వచ్చే పేరుతో ఆ ఏడాదే అచ్చయింది.

ఆ 1633లోనే మరో పెద్దకవి జాన్ డన్ పద్యాలు కూడ మొదటిసారి పుస్తకంగా వెలువడ్డాయి. ఆయన అప్పటికి రెండేండ్ల కిందటే చనిపోయాడు. డన్ యౌవనంలో రాసిన ప్రేమ కవితలు అచ్చుకాలేదు. స్నేహితులు చేతిరాతతో నకలు తీసుకొని ఒకరికొకరు ఇచ్చుకొనేవారు. 1601లో రహస్యంగా పెండ్లి చేసుకొని కొలువు పోగొట్టుకొన్నాడు, కొన్నాళ్ళు ఖైదులో ఉన్నాడు. తరువాత 1615లో మతగురువై, 1621లో లండనులోని సెయింట్ పాల్ చర్చికి ప్రధానాధికారి అయ్యాడు. అప్పటి వారు ఇద్దరు డన్లు ఉన్నారనుకొన్నారు, ఒకడు ప్రేమికుడు, ఒకడు గురువు. కాని ఆయన భక్తి కవితలను చదివిన వారికి తెలుస్తుంది, లోపలి గొంతు ఒక్కటేనని. దేవుడితో మాట్లాడేటప్పుడు కూడ ఆయన శత్రువు చేతిలో చిక్కుకొన్న ప్రియురాలివలె, వచ్చి తనను బలాత్కారంగానైనా విడిపించుకొని పొమ్మని వేడుకొంటాడు.

మూడవవాడు రాబర్ట్ హెర్రిక్. ఈయన కూడ మతగురువే. 1648లో వేసిన తన పుస్తకంలో పూలు, పండుగలు, ప్రియురాళ్ళ మీద వెయ్యికి పైగా చిన్న కవితలు పెట్టి, వాటి వెనుక భక్తి కవితలను వేరే భాగంగా, వేరే పేరుతో చేర్చాడు. ఒకే అట్టల మధ్య రెండు గదులు, మధ్య ఒక గోడ. ఇంగ్లండులో అది మతకలహాల కాలం. ఏ మాట ఎక్కడ అనాలో లెక్క చూసుకోవలసిన కాలం. గోడ కట్టుకోవడం వారికి కొంతవరకు అవసరమే అయిందేమో.

ఇక మన సంగతి. దీని మూలాలు మన తుంగభద్ర ఒడ్డునే ఉన్నాయి. హంపి ఈనాడు 2021లో ఏర్పడిన విజయనగర జిల్లాలోనిది, కాని అంతకుముందు తరతరాలుగా బళ్ళారి జిల్లాలోనిదే. అక్కడ విఠలాలయానికి దగ్గరలో, నది ఒడ్డున పురందరదాసు మంటపం ఉన్నది. మనలో ఎందరో పిల్లలతో వెళ్ళి చూసినదే. పురందరదాసు 1564లో పరమపదించాడని చెబుతారు. ఆయన కన్నడ పదాలలో విఠలుడూ ఉన్నాడు, సంతలో బేరమూ ఉన్నది, సంసారపు చిక్కులూ ఉన్నాయి. దేవుడి మాట చెప్పడానికి ఆయన లోకపు మాటనే వాడుకొన్నాడు.

ఆయన కంటె ముందు తిరుమలలో అన్నమయ్య (1408–1503) ఉన్నాడు. తాళ్ళపాకవారు ఆయన సంకీర్తనలను రాగిరేకుల మీద చెక్కించినప్పుడు అధ్యాత్మ సంకీర్తనలను వేరుగా, శృంగార సంకీర్తనలను వేరుగా విభజించారు. మనకు దొరికిన వాటిలో శృంగారానివే అధికం. ఇక్కడ కూడ రెండు గదులే కదా అనవచ్చు. కాని రెండు గదులలోనూ ఉన్నవాడు ఒక్కడే, వేంకటేశ్వరుడు. పాటలోని భావం మారింది గాని పాట అందుకొనేవాడు మారలేదు.

అందుకొనేవాడు మారితే ఏమవుతుందో అన్నమయ్య మనుమడు చిన్నన్న ద్విపదగా రాసిన తాతగారి చరిత్రలో ఒక కథ ఉన్నది. పెనుకొండలో సాళువ నరసింహుడు, తరువాత 1485లో విజయనగర సింహాసనం ఎక్కినవాడు, అన్నమయ్య శృంగార సంకీర్తన విని పరవశించి, తన మీద కూడ అటువంటిది ఒకటి చెప్పమన్నాడు. అన్నమయ్య చెవులు మూసుకొన్నాడు. హరిని పాడిన నోటితో నరుణ్ణి పాడనన్నాడు. రాజు సంకెళ్ళు వేయించాడు, దేవుణ్ణి పాడగా అవి విడిపోయాయి. కథలోని అద్భుతాన్ని ఎవరి నమ్మకానికి వారికి విడిచి, అందులోని న్యాయాన్ని గమనించాలి. పాటలో శృంగారం ఉన్నందువల్ల దోషం లేదు. దానిని మనిషికి ధారపోస్తేనే దోషం. పదిహేనవ శతాబ్దిలో గీత అక్కడ ఉండేది.

1565 జనవరిలో రాక్షసతంగడి యుద్ధం తరువాత హంపి పాడుపడింది. రాజధాని పెనుకొండకు, తరువాత చంద్రగిరికి, వేలూరికి జరిగింది. తంజావూరులో, మధురలో అంతకుముందే కుదురుకొన్న తెలుగు నాయకులు క్రమంగా స్వతంత్రులయ్యారు. అంటే పదిహేడవ శతాబ్దిలో మన భాషకు పెద్దకొలువు తెలుగునేల మీద కంటె తమిళనేల మీదనే ఎక్కువగా ఉండేది. ఆ కొలువును నడిపినవారు, అందులో పాడినవారు చాలామంది వలసపోయిన కుటుంబాల సంతానమే. ఈ మాట మనబోటి వారు ఒకటికి రెండుసార్లు తలచుకోదగినది.

తంజావూరులో విజయరాఘవ నాయకుడు 1633–34 ప్రాంతంలో గద్దె ఎక్కాడు. అంటే లండనులో డన్ పుస్తకం అచ్చయిన రోజులలోనే. 1673లో మధుర చొక్కనాథ నాయకుడి సేనలతో పోరాడుతూ చనిపోయేవరకు ఏలాడు. ఆయన ఇలవేలుపు మన్నారుగుడి రాజగోపాలస్వామి. తాను ఆ స్వామికి దాసుడనని ‘మన్నారుదాసుడు’ అనిపించుకొన్నాడు. ఆయన ఆస్థానంలోని పసుపులేటి రంగాజమ్మ ‘మన్నారుదాస విలాసము’ రాసింది. అందులో నాయకుడు ఆ దాసుడే. దేవుడి ముందు దాసుడైనవాడు పాటలో శృంగార నాయకుడయ్యాడు. సాళువ నరసింహుడు అడిగి పొందలేనిది విజయరాఘవుడికి అడగకుండానే దక్కింది. ఇన్నూరేండ్లలో గీత జరిగింది.

ఈ కాలానికి, ఈ కొలువుకు వచ్చినవాడే క్షేత్రయ్య. అసలు పేరు వరదయ్య అని, క్షేత్రాలు తిరిగినందువల్ల క్షేత్రయ్య అయ్యాడని ప్రతీతి. కంచి, శ్రీరంగం, చిదంబరం వంటి క్షేత్రాల దేవుళ్ళు ఆయన పదాలలో ఉన్నారు. ఎక్కడికి పోయినా విడువనిది మాత్రం తన ఊరి దేవుడి పేరు, మువ్వగోపాలుడు. ఒక పదంలో తన లెక్కను తానే చెప్పుకొన్నాడు. మధుర తిరుమల నాయకుడి ఎదుట రెండు వేలు, గోలకొండ పాదుషా దగ్గర నలభై రోజులలో పదిహేను వందలు, విజయరాఘవుడి ఎదుట వెయ్యి. ఈనాడు మనకు మిగిలినవి ఇంచుమించు మూడు నాలుగు వందలు. వాటిలో విజయరాఘవుణ్ణే నాయకుడిగా చేసి చెప్పిన ‘విజయరాఘవ పంచరత్నాలు’ ఉన్నాయి.

పదమంటే పల్లవి, అనుపల్లవి, కొన్ని చరణాలు. నడక నెమ్మది. మాట్లాడేది చాలవరకు స్త్రీ. ఒకతె అలుగుతుంది, ఒకతె చెలికత్తెను పంపుతుంది, ఒకతె వాకిట నిలిచినవాడిని లోపలికి రానీయదు. వేశ్య అయితే ముందు రొక్కం సంగతి తేల్చమంటుంది. అలా నిలదీయబడేవాడు మువ్వగోపాలుడు. ఏ.కె. రామానుజన్, వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షూల్మన్ కలిసి ఈ పదాలను ఇంగ్లీషులోకి తెచ్చి 1994లో ప్రకటించినప్పుడు, దేవుడు బేరగాడైన వేళ అన్న అర్థం వచ్చే పేరే ఆ పుస్తకానికి పెట్టారు. ఆ రోజులలో రేవులలో వర్తకం పెరిగింది, రొక్కం చేతులు మారింది. పుట్టుకతో రాజు కాకపోయినా చేతిలో ధనం ఉన్నవాడు నాయకుడయ్యాడు. గుడిలోని దేవుడు, కొలువులోని రాజు, వాకిట నిలిచిన విటుడు, ముగ్గురి పోలికలూ ఒకరిలో ఒకరికి కనిపించసాగాయి. క్షేత్రయ్య ఆ పోలికలను దాచలేదు.

అయితే పదంలో భక్తి ఎక్కడున్నది? జీవాత్మ స్త్రీ, పరమాత్మ పురుషుడు అని వెంటనే చెప్పేయడం మనకు అలవాటు. ఆ వ్యాఖ్యానం తప్పని మేము అనము. కాని ఆ ఒక్క మాటతో సరిపెట్టుకొంటే పదంలోని ఆడది మాయమవుతుంది. ఆమె కోపం, ఆమె పరువు, ఆమె సంపాదన, అర్ధరాత్రి వరకు ఆమె ఎదురుచూపు అన్నీ వట్టి ముసుగు అయిపోతాయి. మాకు తోచినంతవరకు క్షేత్రయ్య చేసినది ముసుగు వేయడం కాదు. దేవుణ్ణి ఒక మనిషి బతుకులోకి, ఆమె గుమ్మం వరకు తీసుకొని రావడం. అక్కడ ఆయన జవాబు చెప్పుకోవలసినవాడు.

ఇక ఆనాడు మన అమ్మాయి బదులుగా పాడిన రామదాసును చూడండి. కంచర్ల గోపన్న కూడ ఆ శతాబ్దివాడే. భద్రాద్రి రాముడికి గుడి కట్టించి, సర్కారు సొమ్ము వాడాడని గోలకొండలో ఖైదుపడ్డాడు, పన్నెండేండ్లని ప్రతీతి. అందరికీ తెలిసిన ఆయన కీర్తన ఒకటి పూర్తిగా జమాఖర్చుల చిట్టా. భరతుడికి ఏ నగ చేయించాను, సీతమ్మకు ఏది, దేనికి ఎన్ని వరహాలయ్యాయి అని లెక్క చెప్పి, ఇదంతా అనుభవిస్తూ నన్ను మరిచావా అని దేవుణ్ణి దెబ్బలాడతాడు. వరహాల లెక్క కంటె లౌకికమేమున్నది? అయినా అది భక్తిగీతం కాదని ఎవరూ అనరు. దేవుడి దగ్గర బాకీ వసూలుకు తహసీలుదారు నిలబడితే భక్తి, ఆడది నిలబడితే కాదు. ఈ తేడా పాటలో లేదు, వినే మనలో ఉన్నది.

ఇంగ్లండు కవులకు, మన కవులకు ఉన్న భేదం ఇక్కడ తెలుస్తున్నది. హెర్బర్టు ఒక దారిని విడిచి ఇంకొకటి పట్టాడు. డన్ వయసుతో పాటు దారి మార్చాడు. హెర్రిక్ గోడ కట్టి రెండూ ఉంచుకొన్నాడు. క్షేత్రయ్య రెంటినీ ఒక్క పల్లవిలో, ఒక్క పేరులో కలిపివేశాడు. అందుకే ఆయనను విడదీయాలని చూసిన ప్రతివారూ సగం పోగొట్టుకొన్నారు.

విడదీయడం పందొమ్మిదవ శతాబ్ది చివరలో మొదలయింది. దేవదాసీల ఆటపాటలను మాన్పించాలని సంస్కర్తలు పూనుకొన్నారు. 1947లో మద్రాసు ప్రభుత్వం చట్టం చేసి ఆడపిల్లలను దేవుడికి ముడుపుకట్టడం నిషేధించింది. అప్పటికి బళ్ళారి మద్రాసు రాష్ట్రంలోనిదే. ఆ చట్టం రావలసినదే. మన జిల్లాలో బసివి ఆచారం ఎంతమంది పేదపిల్లల బతుకులు చెరిచిందో ఎరిగినవారెవరూ దానిని తప్పుపట్టరు. కాని ఆచారంతో పాటు పాట మీద కూడ మచ్చపడింది. ఆడిన మనిషిని కించపరిచినట్లే ఆమె పాడిన పదాన్నీ కించపరిచాము.

నిలబెట్టినవారు ఎవరో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. 1673 తరువాత కొద్దికాలానికే తంజావూరు మరాఠాల వశమయింది. వారిలో శాహజీ తానే తెలుగులో ‘పల్లకీసేవా ప్రబంధము’ రాశాడు. ఇరవయ్యవ శతాబ్దిలో మద్రాసులో వీణ ధనమ్మాళ్ (1867–1938), ఆమె మనుమరాలు బాలసరస్వతి (1918–1984) క్షేత్రయ్య పదాలను ప్రాణంగా చూసుకొన్నారు. తమిళం మాట్లాడే ఇల్లు అది. శృంగారాన్ని తొలగించి నృత్యాన్ని ‘శుద్ధి’ చేయాలన్న వారికి బాలసరస్వతి ఒప్పుకోలేదు. ఆమె దృష్టిలో శృంగారమే భక్తికి దారి. కన్నడదేశంలో పుట్టిన బెంగుళూరు నాగరత్నమ్మ (1878–1952) ముద్దుపళని ‘రాధికా సాంత్వనము’ను 1910లో అచ్చువేయిస్తే ప్రభుత్వం అశ్లీలమని నిషేధించింది. 1947లో గాని ఆ నిషేధం తొలగలేదు. ఆ నాగరత్నమ్మగారే తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధికి గుడి కట్టించారు. శృంగార కావ్యాన్ని కాపాడిన చేయి, రామభక్తుడికి గుడి కట్టిన చేయి ఒక్కటే.

మన బళ్ళారికి ఈ విషయంలో తలవంచుకోవలసిన పని లేదు. ధర్మవరం కృష్ణమాచార్యులవారు, కోలాచలం శ్రీనివాసరావుగారు ఈ ఊరిలోనే తెలుగు నాటకానికి నడక నేర్పారు. బళ్ళారి రాఘవగారు (1880–1946) ఆడవేషాలు ఆడవారే వేయాలని, చదువుకొన్న స్త్రీలు రంగస్థలం ఎక్కాలని పట్టుబట్టారు. వేదిక ఎక్కినంత మాత్రాన స్త్రీకి చిన్నతనం రాదని ఈ ఊరు అంత ముందుగా చెప్పింది. ఆయన పేరిట ఇక్కడ కళామందిరం ఈనాటికీ ఉన్నది.

1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు అటు వెళ్ళాయి, బళ్ళారి మైసూరులో చేరింది. ఆ ఏడే తుంగభద్ర ఆనకట్ట పూర్తయింది. కాలువల వెంట కృష్ణా, గోదావరి జిల్లాల రైతు కుటుంబాలు వచ్చి క్యాంపులు వేసుకొన్నాయి. పిల్లలు బడిలో కన్నడం చదువుతారు. అది మనకు అన్నం పెట్టిన నేల భాష, చదవవలసినదే. తెలుగు మాత్రం చాలా ఇండ్లలో అక్షరంగా కాదు, చెవిలో నిలిచింది. చెవిలో నిలిచేది ముందుగా పాట. అందులో సగం పండుగకు పనికిరాదని తోసివేస్తే, ఆ పిల్లకు మిగిలే తెలుగు ఎంత?

ఆ అమ్మమ్మగారి పుట్టినిల్లు మువ్వకు దగ్గరి పల్లె అని తరువాత తెలిసింది. క్షేత్రయ్య తన ఊరి దేవుణ్ణి నోటిలో పెట్టుకొని తంజావూరు వెళ్ళినట్లే ఆమె కూడ ఆయననే నోటిలో పెట్టుకొని తుంగభద్ర కాలువ గట్టుకు వచ్చింది. ఆమె అడిగిన ప్రశ్నకు మా జవాబు ఇది: అమ్మా, ఆయన దేవుడే. కాని గుడి తలుపుల వెనుక మాత్రమే ఉండే దేవుడు కాడు. మేము ఆయనను అక్కడే చూడడం అలవాటు చేసుకొని, నీ మనుమరాలి పాటలో గుర్తుపట్టలేకపోయాము.

కార్యవర్గానికి మా విన్నపం ఒక్కటే. ఈ ఉగాదికి ఆ అమ్మాయిని మళ్ళీ పిలిచి ఆ పదాన్నే పాడించాలి. ముందుగా పెద్దలెవరైనా నాలుగు మాటలలో దాని అర్థం, చరిత్ర చెప్పాలి. తరువాత రామదాసునూ పాడించాలి. ఇరుగుపొరుగు కన్నడ సోదరులను పిలిచి పురందరదాసు పదం వారిచేత పాడించుకొంటే మరీ సంతోషం. వారి ఇంట బేవుబెల్లం, మన ఇంట ఉగాది పచ్చడి. చేదునూ తీపినీ వేరువేరు గిన్నెలలో పెట్టుకొని తినే ఆచారం రెండు ఇండ్లలోనూ లేదు.

అందరికీ నూతన సంవత్సర శుభాకాంక్షలు.